పదిహేడో నంబర్ ఏడుపు

19 జనవరి 1987, సోమవారం

తొంభై రోజుల కాన్పు సెలవు అయిపోయింది. ఇయ్యాల టెలిఫోన్ ఎక్స్ఛేంజిల మల్ల డ్యూటీల చేరిన. పొద్దున ఏడు నుంచి ఒంటి గంటన్నర దాక. పాప నిద్రల ఉండంగనే అత్త పక్కల పండవెట్టి చెప్పులు చేతుల పట్టుకొని బయటికొచ్చిన. మధ్యాహ్నం తిరిగొచ్చినంక అత్త అన్నది, "లేవనే లేదు, నిమ్మళంగ పండుకున్నది" అని. పాప కళ్ల కింద చారలు కనపడ్డయ్. ఏడ్చి ఎండిన చారలు. నేను అడగలే.

అత్త నా కోసమే తండ నుంచి వచ్చి ఉంటున్నది. ఫోను ఎన్నడు ముట్టలే. "ఆడ కూసొని ఏం చేస్తవ్?" అన్నది. చెప్పిన: నా ముందర ఒక చెక్క బోర్డు ఉంటది. ఒక్కో ఫోనుకు ఒక్కో బొక్క, దాని మీద చిన్న ఇత్తడి రేకు. ఎవరన్న వాళ్ల ఫోను హ్యాండిల్ తిప్పితే ఆ రేకు టప్పున పడుతది. షట్టర్ అంటం. నేను తీగ గుచ్చి "నంబర్ ప్లీజ్" అంట. వాళ్లకు కావలసిన బొక్కల ఇంకో కొస గుచ్చుత.

అత్త "అందరి మాటలు నీ చెవుల నుంచే పోతయన్నట్టు" అన్నది.

22 జనవరి

పదిగంటలకల్ల జాకెట్ తడిసిపోయింది. చీర కొంగు కప్పుకున్న గని వాసన దాగుతదా. ప్రమీలారాణి మేడం చూసింది. మా సూపర్‌వైజర్. ఎర్రుపాలెం దిక్కు ఆమె, పెద్ద వ్యవసాయం ఉన్న ఇల్లట. ఆమెతోని ఎవరూ ఎక్కువ మాట్లాడరు. తన సంచిలకెళ్లి తువ్వాల తీసి ఇచ్చింది.

"గట్టిగా కట్టుకో. నాలుగు రోజులైతే అలవాటవుతుంది."

ఏది అలవాటైతదో చెప్పలే.

26 జనవరి

కొత్త ఏర్పాటు. పదింటికి అత్త పాపను ఎత్తుకొని వస్తది. నేను వరండల కూసొని పాలిచ్చి పది నిమిషాలల్ల మల్ల బోర్డు కాడికి. మేడం ఆ పది నిమిషాలు నా సీట్ల కూసుంటది. నిన్నటి దాక ఎందుకు తోచలేదో గిది. పాప నన్ను చూసి కాళ్లు కొట్టుకుంటది.

4 ఫిబ్రవరి, బుధవారం

ట్రంక్ కాల్ బుక్ చేసి కూసున్న ఎరువుల దుకాణం ఆయన హాలుల నుంచి వరండలకు వచ్చి, నన్ను చూసి, లోపలికి పోయి గట్టిగ అన్నడు: "ఇది ఆఫీసా, తండానా?"

కొంగు కప్పుకునే ఉన్న. పాప తల కూడ కనపడతలేదు. అత్తకు తెలుగు మాటలు అన్ని తెల్వయి గని 'తండా' తెలుసు. లేచి నా ముందర నిలబడ్డది, గోడ లెక్క.

మా జూనియర్ ఇంజనీరు, జె.ఇ. వెంకటరామారావు గారు వచ్చిండు. అరవలే. మెల్లగ, నేల దిక్కు చూసుకుంట, "అమ్మా గోరీ, పబ్లిక్ తిరిగే జాగా. నువ్వు ప్రొబేషన్‌లో ఉన్నావు. ఆలోచించుకో" అన్నడు.

5 ఫిబ్రవరి

మెమో. డ్యూటీ టైంల పసిపిల్లను ఆవరణలకు రప్పించి పబ్లిక్‌కు ఇబ్బంది కలిగించినందుకు. సంతకం పెట్టిన.

మా తండల నౌకరి వచ్చిన మొదటి ఆడపిల్లను నేను. సంతకం పెట్టుడు హాస్టల్ల నేర్చుకున్న. గిట్ల పెట్టెతందుకు నేర్చుకుంటున్ననని అప్పుడు తెల్వది.

యూనియన్ ఆయనను అడిగిన. "ఫ్యాక్టరీలల్ల, గనులల్ల పనిచేసే తల్లులకు పాలిచ్చే టైం రెండుసార్లు ఇయ్యాలని చట్టం ఉన్నదమ్మా. మన రూల్స్‌ల గట్ల రాసిలేదు" అన్నడు. రాయని దాని కోసం కొట్లాడుడు కష్టమన్నడు.

9 ఫిబ్రవరి

మేడం బ్యాటరీ రూం తాళం తీసింది. "ఇక్కడ ఎవరూ చూడరు" అన్నది. గాజు తొట్లు వరసగ, వాటిల యాసిడ్, సన్నగ బుడగలు వస్తున్న చప్పుడు. కిటికి లేదు. పాప రెండు గుటకలేసి దగ్గు పట్టింది. కళ్లెంబడి నీళ్లు. నాకు కూడ గొంతుల గరగర. బయటికొచ్చి చూస్తె పాపకు చుట్టిన గుడ్డకు చిన్న బొక్క, అంచులు పసుపు పచ్చగ కాలినయ్.

"గీ అర్రల బర్రె దూడను గూడ కట్టెయ్య" అన్నది అత్త. రేపటి సంది తీసుకరానన్నది.

10 ఫిబ్రవరి

డబ్బా పాలు మొదలువెట్టినం. సీస నోట్ల పెడితె మంచిగనే తాగిందట.

పాప మంచిగున్నది.

12 ఫిబ్రవరి, గురువారం

పొద్దున పది దాటి పది నిమిషాలు. పదిహేడో షట్టర్ పడ్డది.

పదిహేడు నెమలిపాడు పోస్టాఫీసు ఫోను. పోయిన ఆగస్టుల గోదావరి వరదకు ఆ లైన్ పోయింది. 'ఖరాబు' అని రాసిన కాగితం ముక్క ఆ బొక్క మీద అంటిచ్చి ఉన్నది, ఆరు నెలల సంది. కాగితం అట్లనే ఉన్నది. దాని మీద షట్టర్ పడి ఊగుతున్నది.

కాగితం పీకి తీగ గుచ్చిన. ముందు గాలి లాంటి చప్పుడు. చింతచెట్ల కింద పోతున్నప్పుడు పైన ఇనపడే తీరు. తరువాత పసిపిల్ల ఏడుపు.

దూరంగ కాదు. నా చెవి పక్కన పండవెట్టినంత దగ్గర.

"నంబర్ ప్లీజ్" అన్న, అలవాటు కొద్ది. ఏడుపు ఆగింది. ఆగి ఇన్నది. అవ్, గదే మాట రాయాలె: నేను ఎవరో ఇందామని ఆగింది. మల్ల మొదలైంది. నాకు రెండు దిక్కుల పాలు చేపుకొచ్చినయ్. తువ్వాల దాటి, చీర కుచ్చిళ్ల మీద పడ్డయ్.

తీగ గుంజేసిన.

13 ఫిబ్రవరి

మల్ల పదీ పదికి. మేడంకు హెడ్‌సెట్ ఇచ్చిన, వినుండ్రి అని. పెట్టుకున్నది. ఊపిరి రెండుసార్లు పీల్చేటంతసేపు ఇన్నది.

"ఏం లేదు. లైన్‌లో హమ్, ఉత్త గుయ్యిమనే శబ్దం" అని తీసి ఇచ్చింది.

ఇచ్చినంక కొంగు గుండెల మీదికి గట్టిగ గుంజి కప్పుకున్నది. సలి పెడుతున్నదేమో.

17 ఫిబ్రవరి

లైన్‌మన్ బొజ్జయ్య అడివి దిక్కు లైన్లు చూసి ఇయ్యాల వచ్చిండు. ఆయనది ఆ పక్క ఊరే. నెమలిపాడు లైన్ బాగు చేసినవా అని అడిగిన.

"ఏడ బాగు చేసుడు అమ్మా. ఎనిమిది స్తంభాలు పడిపోయినయ్. రెండో వాగు కాడ తీగ తెగి ఇసుకల కూరుకపోయింది. అవతల తీగే లేదు."

"షట్టర్ పడుతున్నది."

"గాలికి పడుతదేమో."

"వరదల ఆ ఊర్లె పసిపిల్లలెవరన్న పోయిండ్రా?"

బొజ్జయ్య నన్ను వింతగ చూసిండు. "లేదమ్మా. ఒక్క పానం పోలే. నీళ్లు రాకముందే అందరు గుట్ట ఎక్కిండ్రు. మేకలు పోయినయ్, పోస్టాఫీసు గుడిసె పోయింది, గంతే. ఎందుకడుగుతున్నవ్?"

ఉత్తగనే అన్న.

ఎవరన్న పోయిండ్రని చెప్తె నాకు జర ధైర్యం వచ్చేది. ఎవరూ పోలే. మరి ఆడ ఏడిచేదెవరు?

20 ఫిబ్రవరి

రోజు పదీ పదికే. మునుపు వరండల పాపకు పాలిచ్చిన టైం అది.

మొదట్ల ఏడుపు జర బొంగురుగ ఉండేది. ఇప్పుడు పాప ఏడుపు లెక్కనే ఉన్నది, ఆఖరికి 'ఎఁహ్' అని ఊపిరి ఆగినట్టు ఆగి మల్ల అందుకునుడు. అందుకే ఇంట్ల అడిగిన, పదింటికి పాప ఏడుస్తున్నదా అని. "లేదు, ఆ టైంల పండుకుంటది. ఈ మధ్య పొద్దంత నిద్రనే" అన్నది అత్త.

మంచి పిల్ల. సతాయించదు.

24 ఫిబ్రవరి

ఇంటికాడ రొమ్ముకు పెడితె మొఖం తిప్పుకుంటున్నది. రెండుసార్లు గుంజి ఇడిసిపెడుతది. నాకు పాలు కూడ దిగుతలేవు. ఊకె మెత్తగ, ఖాళీగ. అలిగింది. రోజంత ఇడిసిపోతె అలగదా.

ఎక్స్ఛేంజిల మాత్రం తువ్వాల చాలుతలేదు. ఇయ్యాల షట్టర్ పడ్డంక లోపలికి పోయి స్టీలు గ్లాసుల పిండిన. నిండింది. నురుగుతోని. ఆ గ్లాసు పట్టుకొని కొంచెంసేపు నిలబడ్డ. ఇంటికి ఎట్ల తీసుకపోత? పారవోసిన.

27 ఫిబ్రవరి

వచ్చే వారం నాది మధ్యాహ్నం డ్యూటీ. మార్చుకొని మల్ల పొద్దుటిదే తీసుకున్న. ఆ లైన్ కోసం కాదు. పొద్దుటి డ్యూటీ అయితె మధ్యాహ్నం సంది పాప కాడ ఉండొచ్చు.

1 మార్చి, ఆదివారం

సెలవు. పదీ పదికి పాపను ఒళ్లె పెట్టుకొని కూసున్న. ఏం కాలే. పాప కళ్లు తెరిచి కప్పు దిక్కు చూసింది. ఒక్క చుక్క రాలే.

పెన్ను మరిచిపోయిన అని ఎక్స్ఛేంజికి పోయిన. మేడం బోర్డు కాడ ఉన్నది.

"సెలవు రోజు ఎందుకొచ్చావ్?"

"పెన్ను, మేడం."

నా జాకెట్ దిక్కు చూసింది. పొడిగ ఉన్నది. తరువాత పదిహేడో షట్టర్ దిక్కు చూసింది, నేను చూడకముందే. అది పడిలేదు.

"ఇంటికి పో గోరీ" అన్నది. "పరిగెత్తు" అన్నట్టు అన్నది.

2 మార్చి

పాప మంచిగున్నది.

4 మార్చి

జర ఇరేచనాలు. పండ్లు వస్తయేమో.

మొలతాడు జారి మోకాళ్ల కాడికొచ్చింది. దారం సాగినట్టుంది. ముడేసి బిగించిన.

6 మార్చి

ఎండేసిన నా తువ్వాలలు అత్త ఒక్కొక్కటి తీసి వాసన చూసింది. మా ఆయన పాల్వంచల షిఫ్ట్ అయి అప్పుడే వచ్చి అన్నం తింటున్నడు. అత్త నాతోని కాదు, కొడుకుతోని చెప్పింది.

"ధన్‌సింగ్, నేను నీకు మూడేండ్లు పాలిచ్చిన. రోడ్డు పనికి పోయి రాళ్లు కొట్టిన కాడ ఇచ్చిన, సంతల ఇచ్చిన, బస్సుల ఇచ్చిన. ఎవడేమన్నడు? దీని బిడ్డకు చుక్క లేదు. దీని బట్టలేమో పాలల్ల నానిపోతున్నయ్. దీని పాలు ఎవరో తాగుతుండ్రు."

"అమ్మా, గట్ల మాట్లాడకు" అన్నడు ఆయన. అన్నం కలుపుడు ఆపిండు. "గోరీ, నౌకరి ఇడిచిపెట్టు. నా జీతం చాలదా?"

"ఆరు నెలలైతె ప్రొబేషన్ అయిపోతది."

"ఆరు నెలలు పాపకు ఎవరు చెప్తరు ఆగమని?"

"పాపకు ఏమైంది ఇప్పుడు? మంచిగనే ఉన్నది కద!"

ఎందుకు అరిచిన్నో. పాప లేవలే ఆ అరుపుకు. ముగ్గురం పాప దిక్కు చూసినం.

9 మార్చి

ఇయ్యాల ఏం రాయ.

11 మార్చి, పాల్వంచ దవాఖానా

నిన్నటిది రాయాలె. రాయకుంటె రేపటి వరకు నేను దాన్ని వేరే తీరుగ మార్చుకుంట. నా సంగతి నాకు తెలిసింది.

నిన్న పదీ పదికి షట్టర్ పడ్డది. తీగ గుచ్చిన. ఇంతకు ముందు జరసేపు ఇని గుంజేసేదాన్ని. నిన్న గుంజలే. ఏడుపు మెల్లగ ఉన్నది, అలిసిపోయినట్టు. నేను దానితోని మాట్లాడిన. "ఊకో, ఊకో నా తల్లి, వస్తున్న" అన్న. మా మాటలల్ల అన్న, గోర్‌బోలిల. నేను అన్నకొద్ది నాకు పాలు దిగుతున్నయ్. హాయిగ ఉండె. అవ్, హాయిగ ఉండె. ఇంట్ల కానిది ఈడ అయితున్నదని.

అదే టైంల అత్త పాపను ఎత్తుకొని ఉరికొచ్చింది. గేటు కాడ అటెండర్ రాందాస్ ఆపిండు, మెమో సంగతి చెప్పి. అత్త గేటు కాడి నుంచే నన్ను పిలిచింది. కిటికి తెరిచే ఉన్నది. గేటుకు నా కుర్చీకి నడుమ ఇరవై అడుగులు ఉండవు. మూడుసార్లు పిలిచిందట. హాలుల కూసున్నోళ్లందరు తలలు తిప్పి చూసిండ్రట.

నాకు ఇనపళ్లే. నా చెవులల్ల ఏడుపు.

ఆఖరికి అత్త రాందాస్‌ను నూకి లోపలికొచ్చింది. నా ఒళ్లె పాపను పెట్టింది. బరువే లేదు. మాడ మీద గుంట పడ్డది. కళ్లు సగం మూసి సగం తెరిచి ఉన్నయ్. ఏడుస్తలేదు. నోరు తెరుస్తున్నది, చప్పుడు వస్తలేదు.

చప్పుడంత హెడ్‌సెట్‌ల ఉన్నది.

మేడం నా తల మీదికెళ్లి హెడ్‌సెట్ గుంజి పారేసింది. "జీపు, జీపు" అని అరిచింది. లైన్ జీపుల బొజ్జయ్య తీసుకొచ్చిండు ఈడికి.

12 మార్చి

సెలైన్ ఎక్కుతున్నది. డాక్టరమ్మ సీస ఎత్తి పాలపీక వాసన చూసి, కిటికీల నుంచి బయటికి ఇసిరేసింది.

"నీకు పాలు ఎండిపోయినయా?"

"లేదమ్మా."

"మరి?"

పాప కాళ్ల మీద గుడ్డ సర్దిన.

"రెండు గంటలకోసారి రొమ్ముకు పెట్టు. రాకున్నా పెట్టు. పిల్ల గుంజితేనే వస్తయ్. ఇంకొక్క సీస నోట్ల పెట్టినవంటె నా కాడికి తీసుకరాకు."

పెడుతున్న. ఎండు రొమ్ము పట్టుకొని పాప గుంజుతున్నది. నొప్పి. మంచిదే.

14 మార్చి

సాయంత్రం ప్రమీలారాణి మేడం వచ్చింది. అత్తకు క్యారియర్ ఇచ్చి తినమని బయటికి పంపింది. పాప పక్కన మంచం మీద కూసున్నది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

"నేనూ విన్నాను గోరీ."

"ఆ రోజు హెడ్‌సెట్ ఇచ్చినప్పుడా?"

"అప్పుడూ విన్నాను. అంతకు ముందూ. డెబ్బై ఆరులో. మా పాపకి తొంభయ్యో రోజు వచ్చేసరికి మా అమ్మ ఎర్రుపాలెం తీసుకెళ్లిపోయింది. నేను గుడ్డ కట్టుకుని డ్యూటీలో కూర్చున్నాను. మూడో రోజు షట్టర్ పడింది. అదే పదిహేడు."

"నెమలిపాడు లైన్ అప్పుడు..."

"అప్పటికి నెమలిపాడుకి ఫోనే లేదు. ఆ నంబర్ ఎవరికీ ఇవ్వలేదు. బోర్డు వెనక తీగే లేదు."

పాప కాళ్లు పట్టుకున్న, వెచ్చగ ఉన్నయేమో అని.

"ఎన్ని రోజులు పడ్డది మేడం?"

"పాలు ఎండిపోయేదాకా. తర్వాత ఒక్కసారి కూడా పడలేదు. ఎదురుచూశాను కూడా."

"మీ పాప?"

"పదకొండేళ్లు. మా అమ్మని అమ్మా అంటుంది. నన్ను ప్రమీల గారూ అంటుంది. పండక్కి వెళ్తే కాఫీ తెచ్చి ఇస్తుంది, బయటివాళ్లకిచ్చినట్టు."

నాకు కోపం వచ్చింది. "నాకెందుకు చెప్పలే? నా బిడ్డ సచ్చిపోతుండె."

"చెబితే ఉద్యోగం మానేస్తావనుకున్నాను. మీ తండా నుంచి మొదటి పిల్లవి కదా అని..." చీర అంచు మడతలు పెట్టుకుంట కూసున్నది. "కాదు. అది సాకు. నీకు చెబితే నేను విన్నది నిజమైపోతుంది. ఇన్నేళ్లూ లైన్‌లో హమ్ అనుకుని బతికాను."

పాప కదిలింది. రొమ్ముకు పెట్టిన. మేడం మొఖం తిప్పుకోలే, పాప నోరు దిక్కే చూసుకుంట కూసున్నది. పోయేటప్పుడు అడిగింది, "సోమవారం వస్తావా?"

"బుధవారం వస్త" అన్న. "ఒక్కదాన్ని రాను."

18 మార్చి, బుధవారం

మా అమ్మ ఇచ్చిన అద్దాలు కుట్టిన గుడ్డ ఉంటె దానితోని పాపను రొమ్ముకు ఒత్తుకునేటట్టు కట్టుకున్న. తండల పొలం పనికి పోయేటోళ్లు కట్టుకున్నట్టు. రాందాస్ గేటు కాడ లేచి నిలబడ్డడు. నా మొఖం చూసి మల్ల కూసున్నడు.

ఏడు నుంచి తొమ్మిదిన్నర దాక నలభై రెండు కాల్స్ కలిపిన. ఒక్కటి కూడ తప్పుపోలే. పాప నిద్రపోయింది, లేచింది, తాగింది. పాలు కొన్ని ఉన్నయ్, కొన్ని లేవు. రెండు చేతులు నాకు ఖాళీగనే ఉన్నయ్.

పదికి జె.ఇ. గారు వచ్చిండు.

"ఏంటిది? స్విచ్ రూంలో పిల్లేంటి? బయట పెట్టు ముందు."

షట్టర్ పడ్డది, ఇరవై మూడు. "నంబర్ ప్లీజ్" అన్న. కలిపిన. అప్పుడు ఆయన దిక్కు తిరిగిన.

"బయట పెడితె పబ్లిక్ అంటరు సార్. బ్యాటరీ రూంల పెడితె దగ్గుతది. ఇంట్ల పెడితె సచ్చిపోతది. యాడ పెట్టాలెనో మీరే చెప్పుండ్రి, ఆడ పెడుత."

"ఇది మొండితనం. నేను రాయాల్సి వస్తుంది."

"రాయండి సార్" అన్నది మేడం, నా కుర్చీ ఎనక నుంచి. "అనుమతి ఇచ్చింది సూపర్‌వైజర్ అని కూడా రాయండి. పేరు బి. ప్రమీలారాణి. పదమూడేళ్ల సర్వీసు. తప్పులు లేకుండా రాయండి, నేనే టైపు చేస్తాను కావాలంటే."

ఆయన నిలబడి ఉండంగనే పదీ పది అయింది. పదిహేడు పడ్డది.

మేడం నా భుజం పట్టుకున్నది. జె.ఇ. గారు కూడ చూసిండు ఆ షట్టర్‌ను, ఖరాబైన లైన్ కద అన్నట్టు. నేను గుచ్చకుండ ఉండాలనుకున్న. గుచ్చిన.

ఏడుపు. పాప అప్పుడే రొమ్ము పట్టింది. నేను హెడ్‌సెట్‌ల ఏమనలే. "ఊకో" అనలే. పాప తల మీద చెయ్యి పెట్టి పాపనే చూసుకుంట కూసున్న. చేపుకొచ్చినయ్. పాప గుటకేసింది, ఉక్కిరిబిక్కిరై ఇడిచి, మల్ల పట్టింది. గుటక, గుటక.

అవతల ఏడుపు సన్నవడ్డది. ఆగింది. గాలి చప్పుడు ఒక్కటే.

తరువాత ఆ గాలిల గుటకల చప్పుడు. పాప మింగినప్పుడు అవతల మింగుతున్నది. పాప ఆగితె అవతల ఆగుతున్నది. మేడం నా చెవికి చెవి ఆనిచ్చి ఇంటున్నది, ఆమె చెంప తడి నా చెంపకు అంటింది. ఎంతసేపో తెల్వది. పాప నిండి, నోరు ఇడిచిపెట్టింది. అవతల ఎవరో నిండుగ ఊపిరి ఇడిచినట్టు ఒక్క చప్పుడు.

తరువాత లైన్ సచ్చిపోయింది. గాలి కూడ లేదు. చెక్కకు చెవి పెట్టినట్టు.

మేడం హెడ్‌సెట్ జె.ఇ. గారి దిక్కు చాపింది. ఆయన తీసుకోలే. వరండలకు పోయి నిలబడ్డడు.

23 మార్చి

సంజాయిషీ అడిగిండ్రు, ఇద్దరిని. నాది నేనే రాసిన, తెలుగుల. లైన్ సంగతి రాయలే. పాప బరువు రాసిన, దవాఖానా చీటి జతచేసిన. యూనియన్ ఆయన ఈసారి తోడొచ్చిండు. "రాసిలేకుంటె రాపియ్యాలె" అన్నడు. ఫిబ్రవరిల ఎందుకనలేదో.

షట్టర్ పడలే. ఐదు రోజులు.

30 మార్చి

పాప ఇయ్యాల మూత్రం ఎనిమిదిసార్లు పోసింది, పాలు చాలుతున్నట్టే. అత్త ఇరుగుపొరుగోళ్లందరికి చెప్పుకుంట తిరిగింది.

8 ఏప్రిల్, బుధవారం

ఆర్డర్ వచ్చింది. నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించిండ్రు. మేడంకు బదిలీ, శాన దూరం. పాలిచ్చెతందుకు పదింటికి, పన్నెండింటికి ఇరవై నిమిషాలు. స్విచ్ రూంల కాదు, బ్యాటరీ రూంల కాదు, వరండల కాదు. పబ్లిక్ హాలుల బెంచీ మీద. 'పబ్లిక్ నుంచి అభ్యంతరం లేనప్పుడు మాత్రమే.'

నాకు నవ్వొచ్చింది. మేడం కూడ నవ్వింది. ఆమె నవ్వుడు మొదటిసారి చూసిన.

"దూరమేసిండ్రు, మరి మీ పాప..." అన్న.

"ఈసారి అడుగుతాను, వస్తావా అని. రానంటే రానంటుంది. అడగటమైతే అడుగుతాను" అన్నది.

15 ఏప్రిల్

ఆర్డర్‌ల ఉన్నది కాబట్టి రోజు పదింటికి రాందాస్ హాలుల నిలబడి అడుగుతడు: "ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా?" పాపం, తల వంచుకొని అడుగుతడు. హాలంత గప్‌చుప్ అయితది. ఆ గప్‌చుప్ నాకు నచ్చదు. అందరు నా దిక్కు, పాప దిక్కు, నా రొమ్ము దిక్కు చూసి ఆలోచిస్తరు, ఉన్నదా లేదా అని. ఇయ్యాల ఒకాయన కళ్లు మూసుకున్నడు, దయ్యాన్ని చూసినట్టు. ఎవరూ ఏమనలే. కూసొని ఇచ్చిన.

24 ఏప్రిల్

ఇయ్యాల ఒకాయన ఉన్నదన్నడు. లేచి వచ్చిన. పాప ఏడ్చింది. పన్నెండు దాక ఆగినం.

6 మే, బుధవారం

తునికాకు సీజన్, బీడీ ఆకు కోసే రోజులు. హాలు నిండ ఆకు వాసన, చెమట వాసన. ఆకు కల్లం కాడి నుంచి వచ్చిన కోయ ఆడమనిషి ఒకామె, సంకన ఆరేడు నెలల పిలగాడు, కింద కూసొని ఉన్నది. పాల్వంచ కాలనీల పనిచేసే తమ్మునితోని మాట్లాడాలెనట. పొద్దుగాల ఎనిమిది సంది కూసున్నదట. పిలగాడు గుంజుతున్నడు, ఆమె చుట్టు చూసి రవిక సర్దుకుంటున్నది.

రాందాస్ అడిగిండు, "ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా?"

తెల్లబట్టల ఆయన, తునికాకు కాంట్రాక్టర్, పేపర్ దించకుండనే, "ఉన్నది" అన్నడు. "నలుగురు మొగోళ్లు కూసున్న కాడ ఇదేం పద్ధతి?"

నేను లేస్తున్న. కింద కూసున్నామె రాందాస్‌ను అడిగింది, "ఏమంటుండు ఆయన?"

"ఈడ పాలియ్యొద్దంటుండు."

"ఎవలు ఇయ్యొద్దట?"

"ఈ అమ్మ."

ఆమె నన్ను చూసింది. పాపను చూసింది. లేచి వచ్చి నా పక్కన బెంచీ మీద ఆనుకొని కూసున్నది. ఆమె వొంటి వేడి నాకు తెలుస్తున్నది. రవిక ఎత్తి పిలగాన్ని రొమ్ముకేసుకున్నది, కొంగు కూడ కప్పుకోలే. "ఇప్పుడు ఇద్దరమైనం. ఎల్లగొట్టు" అన్నది రాందాస్‌తోని.

రాందాస్ కాంట్రాక్టర్ దిక్కు చూసిండు. కాంట్రాక్టర్ పేపర్ దిక్కు చూసిండు. నేను కూసున్న. పాప నోరు తెరిచింది, పట్టింది.

హాలుల రెండు గుటకల చప్పుళ్లు.

అప్పుడే కౌంటర్ల నుంచి కేకేసిండ్రు: "జంపక్క ఎవరు? జంపక్క! పాల్వంచ లైన్ దొరికింది, జల్దీ రావాలె, మల్ల దొరకది!"

ఆమె కదలలే. పిలగాని తల సర్దుకొని, ఎనిమిది సంది ఎదురుచూసిన ఆ ఫోను దిక్కు చూసి అన్నది:

"ఆగమను. పిలగాడు తాగుతుండు."